టికెట్టు నుండి శుభలేఖకు: తెలుగు నాటకశాల భవనం, మారిన వినియోగాలు

ఉప్పల్ చౌరస్తా నుండి ఘట్‌కేసర్ వరకు వరంగల్ రహదారి వెంట ఫంక్షన్ హాళ్ళు వరుసగా కనిపిస్తాయి. వాటి పేర్లు ఎక్కువగా 'గార్డెన్స్', 'ప్యాలెస్', 'కన్వెన్షన్' అనే పదాలతో ముగుస్తాయి. రైలు స్టేషనూ మండల కార్యాలయమూ ఉన్న చిన్న ఊరు మహానగరానికి శివారుగా మారే క్రమంలో మొదట కనిపించే భవనాలలో ఇవి ముఖ్యమైనవి. ఇదే కాలంలో తెలుగు ప్రాంతాల చిన్న పట్టణాలలో 'పాత టాకీసు' అని పిలిచే భవనాలు చాలాచోట్ల పెళ్ళి మండపాలుగా, గోదాములుగా, దుకాణ సముదాయాలుగా రూపం మార్చుకున్నాయి. ఈ పరిణామం గురించి తెలుగు వ్యాసాలలో సాధారణంగా వినిపించే ధోరణి ఒక్కటే. నాటకాన్ని సినిమా మింగింది, సినిమాను టెలివిజనూ ఫోనూ మింగాయి, చివరకు కళాస్థలం వంటశాల అయింది అన్నది దాని సారాంశం.

ఈ క్షీణకథనం వినడానికి బాగున్నా చారిత్రకంగా నిలిచేది కాదు. తెలుగు నాటకశాల ఏ దశలోనూ ఒక్క పనికే కట్టుబడిన భవనం కాదు. వినియోగం మారడం దాని పతనానికి గుర్తు అనుకుంటే, ఆ పతనం దాని పుట్టుకతోనే మొదలైందని అంగీకరించవలసి వస్తుంది. అందువల్ల భవనంలో ఏ కళ ఆడింది అన్న ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న వేయవలసి ఉంది. ఆ గుమ్మం దాటి లోపలికి వచ్చిన మనిషి ఏ అర్హతతో వచ్చాడు? పుట్టుకతోనా, పిలుపుతోనా, టికెట్టుతోనా? భవన వినియోగంలో వచ్చిన మార్పులను ఈ ప్రశ్న వెంట పరిశీలిస్తే, పోయినదేమిటో, దానికి విలువెంతో కొంత స్పష్టంగా తెలుస్తుంది.

తెలుగు నాటక చరిత్ర రచన ప్రధానంగా నాటకకర్తలు, సమాజాలు, నటులు అనే మూడు దారులలో నడిచింది. పి.యస్.ఆర్. అప్పారావు 'తెలుగు నాటక వికాసం', మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి 'నటరత్నాలు' ఈ రంగంలో పరిశోధకులందరికీ ఆధార గ్రంథాలు. వాటి విలువను తగ్గించే ఉద్దేశం ఇక్కడ లేదు. అయితే వేదిక ఎవరిది, కిరాయి ఎవరు కట్టారు, కూర్చునే చోటును ఎలా విభజించారు అనే విషయాలు ఈ పద్ధతిలో నేపథ్య సమాచారంగా మిగిలిపోతాయి. నిజాం రాష్ట్రంలోని తెలుగు కవులకు 1934లో సురవరం ప్రతాపరెడ్డి సంకలనం చేసిన 'గోలకొండ కవుల సంచిక' దొరికింది. అందులో 354 మంది కవులు నమోదయ్యారు. అదే ప్రాంతపు రంగస్థలాలకు అటువంటి పట్టిక ఏదీ రాలేదు.

ఖాళీ పాక

ఆధునిక తెలుగు నాటకం రాతలో ముందు పుట్టింది. 1860 ప్రాంతంలో కోరాడ రామచంద్రశాస్త్రి 'మంజరీ మధుకరీయం' రచించినా దానికి వెంటనే రంగస్థలం దొరకలేదు. 1880లో ధార్వాడ నాటక కంపెనీ రాజమహేంద్రవరం వచ్చి, పాక వేసుకుని తెలుగేతర భాషలో ప్రదర్శనలు ఇచ్చింది. కంపెనీ వెళ్ళిపోయిన తరువాత కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులను కూడగట్టి ఆ పాకలోనే తెలుగు నాటకం ఆడించారు. 'వ్యవహార ధర్మబోధిని', 'చమత్కార రత్నావళి' ఈ సందర్భంలో రంగస్థలానికి ఎక్కిన రచనలు. మొదటిది న్యాయవాద వృత్తిలోని అక్రమాలపై విసురు. రెండవది షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'కు అనుసరణ.

సాహిత్య చరిత్రలలో ఈ ఘట్టం వీరేశలింగం చొరవకు ఉదాహరణగా కనిపిస్తుంది. భవనం వైపు నుండి చూస్తే దీనికి మరొక అర్థం ఉంది. ఇతరులు వదిలివెళ్ళిన నిర్మాణాన్ని, దానిని కట్టినవారు ఊహించని భాషకూ ఊహించని ప్రయోజనానికీ వాడుకోవడంతో తెలుగు రంగస్థలం ఆరంభమైంది. వ్యాపార ప్రదర్శనకు వేసిన పాక సంఘసంస్కరణకు పనికివచ్చింది. అటువంటి పాక లేకపోతే ఆ రచనలు పుస్తకాలలోనే ఉండిపోయేవేమో. వీరేశలింగం స్వయంగా 1890లో రాజమహేంద్రవరంలో పురమందిరం నిర్మించడానికి పూనుకోవడం వెనుక, చర్చకూ ప్రదర్శనకూ స్థిరమైన చోటు ఉండాలన్న గ్రహింపు ఉందని భావించవచ్చు.

అంతకు ముందు ప్రేక్షకుడి అర్హత వేరు. వీధి భాగవతం ఊరి నడిబొడ్డున ఆడితే ఊరివాడు కావడమే అర్హత. అయినా ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులం నిర్ణయించేది. తెలంగాణలో చిందు భాగవతుల ప్రదర్శన వంశపారంపర్యంగా సంక్రమించిన హక్కు గ్రామాలతో ముడిపడి ఉండేది. కళాకారుడికీ ప్రేక్షకుడికీ మధ్య ఉన్నది పుట్టుకతో వచ్చిన సంబంధం. జమీందారీ ఆస్థానాలలో ప్రేక్షకుడు ఆహ్వానితుడు. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి ప్రదర్శించిన జగన్నాథ విలాసినీ సమాజం కూడా ఆస్థాన వాతావరణానికి దగ్గరగా పెరిగినదే. టికెట్టు ఈ రెండు సంబంధాలకూ వెలుపలిది. ఎవరి కుమారుడవు, ఎవరి మనిషివి అని అది అడగదు. అడిగేది పైకం మాత్రమే. ఈ నిర్లక్ష్యంలో ఒక స్వేచ్ఛ ఉంది.

నిండిన హాలు

ఆ స్వేచ్ఛకు గల పరిమితిని హైదరాబాదులోని ఒక నాటకశాల 1921లోనే చూపింది. ఆ సంవత్సరం నవంబరులో మహర్షి ధోండో కేశవ్ కార్వే అధ్యక్షతన నిజాం రాష్ట్ర సంఘ సంస్కార మహాసభ వివేకవర్ధినీ థియేటరులో జరిగింది. ఆ సంస్థ మరాఠీ విద్యావ్యాప్తికి ఏర్పడినది. సభా కార్యక్రమాలు ఉర్దూ, మరాఠీ, ఆంగ్ల భాషలలో సాగాయి. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు ఒక తీర్మానంపై తెలుగులో మాట్లాడబోగా సభికులు అల్లరి చేసి, చప్పట్లు చరిచి ఆయనను మాట్లాడనివ్వలేదు. అవమానం భరించలేక కొందరు తెలుగువారు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంటిలో సమావేశమై ఆంధ్ర జన సంఘం స్థాపించారు. అదే తరువాత నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభగా పరిణమించి, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ సమావేశం జరుపుకుంది. మాడపాటి హనుమంతరావు 'తెలంగాణా ఆంధ్రోద్యమము' ఈ పరిణామానికి ప్రధాన ఆధారం.

ఈ సంఘటనను రాజకీయ చరిత్రకారులు తప్పక ప్రస్తావిస్తారు. అది ఒక నాటకశాలలో జరిగిందన్న విషయం మాత్రం వారికి చిరునామాగానే ఉపయోగపడింది. నిజానికి అక్కడ జరిగినది రంగస్థల పరిభాషలోనే వివరించదగిన ఘటన. వేదిక ఉంది, వక్త ఉన్నాడు, ప్రేక్షకుడు తన అధికారాన్ని చప్పట్లతో చెలాయించాడు. నచ్చని నటుడిని దించివేసే ప్రేక్షక సంప్రదాయం సభలోకి వచ్చి, ఒక భాషను దించివేసింది. సంఘసంస్కరణ కోసం తెరిచిన ఇల్లు, రాజ్యంలో అత్యధికులు మాట్లాడే భాషకు మూసుకుపోయింది. రాజమహేంద్రవరంలో పరాయి కంపెనీ ఖాళీ చేసిన పాక తెలుగు నాటకానికి చోటిస్తే, హైదరాబాదులో పరాయి భాషలతో నిండిన హాలు తెలుగువారిని ఒక ఇంటి గదిలోకి నెట్టింది. వీరేశలింగం నడిపిన పత్రిక పేరు కూడా 'వివేకవర్ధని'యే కావడం యాదృచ్ఛికమే గాని, గుర్తుంచుకోదగిన యాదృచ్ఛికం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ రాత్రి ఇంటిలో కూడినవారు విద్యావంతులు, ఎక్కువమంది నగరవాసులు. టికెట్టు కొన్నవారూ, పిలుపు అందినవారూ కానివారికి ఆ గదిలోనూ చోటు లేదు. వారిని ప్రేక్షకులుగా గుర్తించిన రంగస్థలం మరో రెండు దశాబ్దాల తరువాత వచ్చింది. దానికి భవనం లేదు. 1943లో ఏర్పడిన ప్రజా నాట్యమండలి, 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన 'మా భూమి'ని ఊళ్ళ మైదానాలలో ఆడింది. తెలంగాణ రైతు పోరాటం ఇతివృత్తమైన ఆ నాటకాన్ని అనేక దళాలు మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాలలో ప్రదర్శించగా ప్రభుత్వం నిషేధించింది. షేక్ నాజర్ చేతిలో బుర్రకథ కొత్త ప్రాణం పోసుకున్నదీ ఈ బయలు వేదికల మీదనే. గోడలు లేనిచోట గుమ్మం దగ్గర అర్హత అడిగే ప్రశ్నే రాదు.

కిరాయి వేదిక, చీలిన పాత్ర

భవనం రచనను మార్చిన తీరుకు పద్యనాటకం మంచి నిదర్శనం. మైకు రాకముందు నటుడి గొంతు వెనుక వరుసకు చేరాలి. పైన రేకులు, వర్షం పడితే చప్పుడు, హార్మోనియం శ్రుతి ఎక్కువ. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు', బలిజేపల్లి లక్ష్మీకాంతం 'హరిశ్చంద్ర' వంటి నాటకాలలో పద్యం చివరి రాగాలాపన రచన కంటె పెద్దదైపోవడానికి సంగీతాభిమానం ఒక కారణమైతే, హాలు పొడవు మరొక కారణం. ఇది పండితులు తరచుగా ఆక్షేపించిన లక్షణమే. ఆక్షేపణలో రాగం లెక్కకు వచ్చింది, హాలు రాలేదు.

తరువాతి దశలో కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. కాంట్రాక్టరు ఒక థియేటరును ఒక రాత్రికి కిరాయికి తీసుకుని, వేర్వేరు ఊళ్ళనుండి పేరున్న నటులను రప్పించి, సాధన లేకుండా ఒకే వేదికపై నిలబెట్టేవాడు. ఒకే నాటకంలో ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు కనిపించేవారు. పాత్ర ఏకత్వం పోయిందని విమర్శకులు బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. కాని ఒక్క రాత్రి కిరాయి మీద లాభం చూడవలసిన కాంట్రాక్టరుకు నాటకం సమగ్ర రచన కాదు, విడదీసి అమ్మదగిన ఘట్టాల వరుస. రాయబారం వరకు ఒక గొంతు, ఆ పైన మరొక గొంతు. ప్రేక్షకుడు కథ తెలుసుకోవడానికి రాలేదు గనుక ఈ ఏర్పాటు అతనికి లోపంగా తోచలేదు. 'వన్స్ మోర్' అన్న కేక వినబడగానే చనిపోయిన పాత్ర లేచి పద్యం మళ్ళీ అందుకోవడం ఈ ఏర్పాటుకు సహజమైన కొనసాగింపు.

సురభి నాటక సమాజాలు ఈ సమస్యను మరొక విధంగా పరిష్కరించుకున్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో 'కీచకవధ'తో మొదలైన ఈ కుటుంబ నాటకరంగం, కిరాయి వేదికకు తలవంచకుండా తన థియేటరును తానే మోసుకు తిరిగింది. డేరా, తెరలు, యంత్రాలు, వంటపాత్రలు అన్నీ కుటుంబంతో పాటే కదిలేవి. మాయాబజార్ తరహా అద్భుత దృశ్యాలకు కావలసిన తీగలూ కప్పీలూ అమర్చుకోగలిగినది ఆ డేరా సొంతం కావడం వల్లనే. 1932 ఫిబ్రవరిలో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో సురభి కమలాబాయి నటించడం, ఆ చిత్రం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకంపై ఆధారపడడం తెలిసినవే. డేరా నుండి తెరమీదికి నడిచి వెళ్ళిన ఆ నటుల వెనుకనే వారి ప్రేక్షకులూ నడిచారు.

ఆట, నేల

నాటకశాల టాకీసుగా మారినప్పుడు తెలుగు ప్రేక్షకుడు తన మాటను మార్చుకోలేదు. తోలుబొమ్మలాటకూ భాగవతానికీ వాడిన 'ఆట' అనే పదాన్నే సినిమాకు వాడాడు. మొదటి ఆట, రెండో ఆట, ఆట విడవడం, ఆట ఎత్తివేయడం. విమర్శకులు నాటకానికీ సినిమాకూ మధ్య గీసిన గీత వాడుక భాషలో లేదు. అనేక పాత టాకీసులలో తెర ముందు వేదిక ఉండేది. సినిమా లేని రోజున నాటకమో, సభో, సన్మానమో జరిగేది.

పదసంపదలో టాకీసు మిగిల్చిన మరొక మాట 'నేల'. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అనే వరుస ధరల పట్టిక మాత్రమే కాదు, ఊరి సామాజిక పటం కూడా. తమిళ సందర్భంలో కార్తిగేసు శివత్తంబి, అన్ని వర్గాల తమిళులూ ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనస్థలం సినిమా హాలేనని ప్రతిపాదించారు. తెలుగు సినిమాహాలును అధ్యయనం చేసిన యస్.వి. శ్రీనివాస్ రచనలు ఆ ప్రతిపాదనను యథాతథంగా అంగీకరించకుండా, హాలు లోపలి విభజనలనూ ప్రేక్షకుడు తన హక్కును చాటుకునే తీరునూ పరిశీలించాయి. ఈ రెండు దృష్టులనూ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. టాకీసు అసమానతను తొలగించలేదు. పుట్టుకతో నిర్ణయమైన చోటును ధరతో నిర్ణయమయ్యే చోటుగా మార్చింది. పంట డబ్బు చేతికొచ్చిన వారం కూలివాడు కుర్చీకి వెళ్ళవచ్చు. వీధి భాగవతంలో ఆ అవకాశం లేదు. 'నేల టికెట్టు' 2018లో ఒక తెలుగు సినిమాకు పేరై, తక్కువ తరగతి అన్న అర్థం నుండి జనం మనిషి అన్న అర్థానికి మారింది. అప్పటికి చాలా హాళ్ళలో నేల తరగతి కనుమరుగైంది.

ఈ టికెట్టు ఎంత రాజకీయమైనదో ఇటీవలి ఆంధ్రప్రదేశ్ అనుభవం చూపింది. 2021 ఏప్రిల్‌లో వెలువడిన 35వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు నగరపాలక సంస్థ, పురపాలక సంఘం, నగర పంచాయతీ, గ్రామ పంచాయతీ అనే విభజన ప్రకారం ధరలు నిర్ణయించింది. గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాలులో అత్యల్ప తరగతి ధర 5 రూపాయలు. యజమానులు అది సాగని లెక్క అన్నారు. ప్రభుత్వం పేదవాడి వినోదమంది. ఉత్తర్వు కోర్టు వరకు వెళ్ళింది. ఇరుపక్షాల వాదనలో సత్యం ఎంత ఉన్నా, చిన్న ఊరి హాలు గుమ్మం ఎంత ఎత్తుండాలన్నది రాజ్యం పట్టించుకోవలసిన విషయంగా ఇంకా మిగిలి ఉందని ఆ తగవు తెలిపింది.

పిలుపు

ఫంక్షన్ హాలు ఈ చరిత్రలో ఎక్కడ నిలుస్తుంది? దాని గుమ్మం దగ్గర టికెట్టు లేదు, శుభలేఖ ఉంది. ప్రేక్షకుడు మళ్ళీ ఆహ్వానితుడయ్యాడు. జమీందారు స్థానంలో పెళ్ళివారు, ఎన్నికల వేళ నాయకుడు ఉంటారు. వచ్చినవాడు ఎవరి తరఫువాడో తెలిసి ఉండాలి. ఒకప్పుడు పరిచయం లేనివాడి పక్కన మూడు గంటలు చీకటిలో కూర్చున్న ఊరు, ఇప్పుడు తెలిసినవారి మధ్య వెలుతురులో కూర్చుంటుంది. పాత టాకీసు ఫంక్షన్ హాలు కావడంలో అసలు నష్టం ఇదే. కళ వెళ్ళిపోయిందన్నది దీని ముందు చిన్న ఫిర్యాదు. పెళ్ళి వేదికపై పాటా ఆటా ఎలాగూ ఉన్నాయి.

అయితే దీనిని పూర్తిగా నష్టంగా లెక్కించడమూ తొందరపాటే. నాటకశాలలోనూ టాకీసులోనూ ఎన్నడూ లేని ఒక స్థలం ఫంక్షన్ హాలులో ఉంది, అది భోజనశాల. సంస్కర్తలు సహపంక్తి భోజనాన్ని ఉద్యమంగా చేపట్టవలసి వచ్చిన సమాజంలో, నేడు వేర్వేరు కులాల అతిథులు ఒకే వరుసలో పళ్ళెం పట్టుకుని నిలబడుతున్నారు. 'కల్యాణమండపం' అన్న మాటలో గుడి ఉంది. 'ఫంక్షన్ హాలు' అన్న మాటలో ఏ మతమూ లేదు. నిఖా, చర్చి పెళ్ళి విందు, దశదిన కర్మ, పుట్టినరోజు ఒకే హాలులో జరుగుతాయి. టికెట్టు లేకుండా పిలుపుతో సాధ్యమైన కలయిక ఇది. పిలిచేవాడి పరిచయాల వలయం ఎంతవరకు ఉంటే అంతవరకే అది విస్తరిస్తుందన్నది దాని హద్దు.

ప్రభుత్వ ఆడిటోరియంను ఈ రెండింటి మధ్య ఉంచి చూడాలి. 1961లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన హైదరాబాదు రవీంద్రభారతి, ఠాగూరు శతజయంతి స్మారకంగా కళల కోసమే కట్టినది. ఇక్కడ తెలుగు నాటకాలకు ప్రవేశం తరచుగా ఉచితం. ఉచితం కావడం వల్ల ప్రేక్షకుడు పెరగలేదు. నటుల బంధువులూ మిత్రులూ వచ్చే చోటుగా, అంటే పిలుపు మీద నడిచే చోటుగా అది చాలాసార్లు మిగిలింది. ఇక సన్మాన సభల సంగతి రవీంద్రభారతి తెలిసిన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

పేరు మిగిలిన చోట

కొన్ని భవనాలు పోయి పేర్లు మిగులుతాయి. సికింద్రాబాదులో ప్యారడైజ్ టాకీసు లేదు. దాని ప్రాంగణంలో 1953లో చిన్న క్యాంటీనుగా మొదలైన హోటలు ఆ పేరును బిర్యానీకీ, కూడలికీ, మెట్రో స్టేషనుకూ ఇచ్చింది. సంగీత్ థియేటరు కూల్చివేతకు గురైనా సంగీత్ చౌరస్తా ఉంది. మద్రాసు మౌంట్ రోడ్డులో రఘుపతి వెంకయ్య 1914లో నిర్మించిన గెయిటీ స్థానంలో వ్యాపార సముదాయం వచ్చింది. బళ్ళారిలో తెలుగు నటుడు రాఘవ పేరిట కళామందిరం, 1953లో ఆ ఊరు కన్నడ రాష్ట్రానికి చెందిన తరువాత కూడా ఆయన పేరుతోనే నిలిచింది. హైదరాబాదు హాళ్ళకు 'మహల్' అనీ, కోస్తా ఆంధ్ర హాళ్ళకు 'కళామందిరం' అనీ పేర్లు పెట్టడంలో రెండు రాజ్యాల అభిరుచి కనిపిస్తుంది. ఇవి స్థలనామ పరిశోధకులకు ఎంత సామగ్రో, నాటకచరిత్రకారులకూ అంత సామగ్రి.

మహానగర భవనాలకు కనీసం పేర్లు మిగిలాయి. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి వరుసలోని ఊళ్ళ వంటి చోట్ల అదీ అనుమానమే. కూల్చిన టాకీసు స్థలంలో వచ్చిన హాలు తన యజమాని ఇంటిపేరునో, కొత్త కాలపు ఆంగ్ల పదాన్నో పెట్టుకుంటుంది. అటువంటి ఊరి రంగస్థల చరిత్ర రాయదలచిన పరిశోధకుడు వెతకవలసినవి నాటక గ్రంథాలు కావు. సినిమా హాలు లైసెన్సు దస్త్రాలు, తాత్కాలిక టాకీసుకు అనుమతి ఇచ్చిన పంచాయతీ తీర్మానాలు, తరగతుల ధరలు రాసిన బోర్డులు, గోడపత్రికలు, ఆట వేళలు చాటిన కరపత్రాలు, హాలును సభకు అద్దెకిచ్చినప్పుడు రాసిన రసీదులు. భవనం చేతులు మారినప్పుడు వీటిలో చాలా భాగం పాత ఇనుముతోనూ చిత్తుకాగితాలతోనూ కలిసి తూకానికి వెళుతుంది. గేటు దగ్గర టికెట్టు చింపినవారు, ప్రొజెక్టరు నడిపినవారు, రిక్షాలో మైకు పెట్టుకుని ఆట వేళలు చాటినవారు ఆ ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వారిలో చాలామంది డెబ్బై ఏళ్ళు దాటినవారే.